గోడలు కూల్చే ఫార్వర్డ్

కాగజ్‌నగర్ అవేజ్ ఫుట్‌బాల్‌ను తన్నితే గోల్ వల చిరిగి, వెనకున్న చాయ్ హోటల్ గోడ కూలుతుంది. నమ్మకపోతే మీ ఖర్మ. పొట్టకూటికి ఏడు క్లబ్బులు మారినా ఇంతవరకు ఏ ఊళ్లోనూ గోడ కూలలేదు, అది వేరే సంగతి. బరిలోకి దిగేముందు నీళ్లద్ది జుట్టు దువ్వుతాడు, మేజోళ్లు మోకాళ్ల దాకా లాగుతాడు, గోల్ తప్పితే గడ్డి వంక అనుమానంగా చూస్తాడు. మొన్న హైదరాబాద్‌లో సీజన్ చివరి ఆట. ఇవాళ గోల్ కొట్టకపోతే ఇంటికేనని మేనేజరు ముందే చెప్పాడు. ఆఖరి నిమిషంలో గోల్ పడింది. మేనేజరు ఉరికొచ్చి వాటేసుకున్నాడు.

"షాబాష్! వచ్చే ఏడు గూడ నువ్వు మాతోనే. గంతమంది నడుమ ఎట్ల కొట్టినవ్ భాయ్?"

అవేజ్ మూతి తుడుచుకున్నాడు.

"నేను కొట్టలే సార్. బూటు లేసు కట్టుకోనీకి వంగిన. బంతే వచ్చి వీపుకు తగిలింది."