కాలువలో దిగని మనిషి

ఆ రోజు నేను కాలువలో దిగలేదు. ఈ సంగతి మా ఊళ్ళోవాళ్ళకు తప్ప బయట ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ వాళ్ళు బయటపెట్టలేదు కాబట్టి నేనే రాయాలి. రెండేళ్ళ కిందట పేపరు జిల్లా పేజీలో, రైతులను కూడగట్టి స్వయంగా మురుగు కాలువలోకి దిగి గుర్రపుడెక్క తొలగించినవాడిగా నా గురించి రాశారు. ఆ ముక్క కత్తిరించి మా ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నాను. అందులో మా ఊరి పేరు ఒక్కటే సరిగా పడింది.

మాది కొడవలూరు దగ్గర వరి పండే ఊరు. నేలంతా తూర్పుకు, అంటే సముద్రం వైపుకు, కాస్త కాస్తగా వాలి ఉంటుంది. పైచేలల్లో పడిన వాన నీరంతా మురుగు కాలువలో పడి, తారు రోడ్డు కింద ఉన్న తూము దాటి పోవాలి. తూము దగ్గర అడ్డుపడితే ముందు మునిగేవి పల్లపు చేలు. నా చేను మెరక మీద ఉంది. ఈ కథలో ఆ విషయం గుర్తుపెట్టుకోవాలి.

కాలువ బాగు చేసుకోవడానికి మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. కార్తీకం వానలు మొదలవకముందే ఒక రోజు అనుకుని, ఇంటికొక మనిషి కత్తీ తాడూ తీసుకుని కాలువలో దిగాలి. ఇరవై ఎకరాల ఆసామి ఇంటినుంచీ ఒక్కరే, అరెకరం కౌలు చేసుకునేవాళ్ళ ఇంటినుంచీ ఒక్కరే. రాలేనివాళ్ళు అందరికీ మజ్జిగ పంపాలి. మా ఇంటినుంచి ఏటా మజ్జిగే పోయేది. మా నాయన కాలంలో పెద్దవాళ్ళు దీన్ని కుడిమరామత్తు అనేవారు. మేము కాలవ పని అనేవాళ్ళం.

దాన్ని ఆపించింది నేను.

నాకు అర్జీలు రాసే అలవాటు ఉంది. బడి ప్రహరీ గోడ, ఎస్సీ కాలనీకి మంచినీళ్ళ పైపు, రెండూ నా అర్జీలతోనే వచ్చాయని ఊళ్ళో ఒక నమ్మకం. నాకూ ఉండేది. కాలువ సంగతిలో నా వాదన ఇది: పన్నులు కడుతున్నాం, కాలువ ప్రభుత్వానిది, దానికొక శాఖ ఉంది, జీతం తీసుకునే మనుషులున్నారు. మనం చేసుకుంటూ పోయినంతకాలం వాళ్ళు ఇటు తొంగిచూడరు. ఈ మాట పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. తూము లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న ఒండ్రు మా కత్తులకు అందేది కాదు. ఏటా పైపైన డెక్క కోసి ఒడ్డున వేసి, పని అయిందనుకునేవాళ్ళం.

అర్జీల మీద అర్జీలు పెట్టగా, ఆ ఏడు ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. వచ్చే వారం ఇంజనీరు గారు కాలువ చూసి ఎస్టిమేట్ వేస్తారని చెప్పారు. ఆ సాయంత్రమే టీ అంగడి దగ్గర అందరికీ చెప్పాను. ఈసారి కాలువను ఎవరూ ముట్టుకోకండి, ఆయన దాన్ని ఉన్నదున్నట్టు కళ్ళారా చూడాలి, బాగు చేస్తే ఇక చూడ్డానికి ఏముంటుంది అన్నాను. ఒక రోజు చాకిరీ తప్పుతుందంటే ఎవరు కాదంటారు?

"నీ పుణ్యాన ఈ ఏడు జలగలకి ఉపవాసం సామీ," అన్నాడు టీ కాచే ఆయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒక్క మనిషి మాత్రం మరునాడు కత్తీ తాడూ తీసుకుని కాలువ దగ్గరికి వచ్చింది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. చుట్టరికం లేదు. వాళ్ళది చర్చికి పోయే కుటుంబం. భర్త ముత్తుకూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి తెల్లారకముందే బస్సెక్కి పోతాడు. అందుకే రెండెకరాల కౌలు సేద్యం మొత్తం ఆమెదే. ఆ రెండెకరాలూ పల్లంలో ఉన్నాయి. నారుమడి పోసి అప్పటికి పన్నెండు రోజులు.

ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దిగబోతుంటే నేను చూసి ఆపాను.

"ఇప్పుడు నువ్వు తీసేస్తే ఇంజనీరు వచ్చి ఏం చూస్తాడక్కా?"

"కాలవ చూస్తాడు. పారే కాలవ చూస్తే ఆయన కళ్ళు నొప్పి పుడతాయా?"

"అట్టా కాదు. అడ్డం ఉంటేనే పని మంజూరవుతుంది."

"వానొస్తే?"

"వారం రోజులేగదా. వాన ఇంకా కనపడలా."

ఆమె ఆకాశం వైపు చూసింది, కాలువ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. "సదువుకున్నోడివి, నీకు తెలిసినంత నాకేం తెలుసు అబ్బయా," అని తాడు చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట చాలాకాలం నా చెవిలో పొగడ్తలాగే ఉండిపోయింది.

నాలుగో రోజు వాయుగుండం అన్నారు. ఇంజనీరు గారిని తుపాను డ్యూటీ మీద తీరానికి పంపారు, రావడం వాయిదా పడింది. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ వాన ఆగలేదు. మూడోనాటి ఉదయం గొడుగు వేసుకుని వెళ్ళి చూస్తే నారుమడి ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాను. పల్లమంతా ఒకే నీరు. కాలువలో డెక్క తూము ముందు చాపలా బిగుసుకుని ఉంది. అక్క అప్పటికే రొమ్ముల్లోతు నీళ్ళలో ఉంది. ఆమె తోడికోడలూ పల్లపు రైతులు ఇంకో ఐదుగురూ ఆమెతోపాటు దిగారు. డెక్కను కత్తితో ముక్కలుగా కోసి, తాడు చుట్టి, ఒడ్డుకు లాగుతున్నారు.

ఎవరూ నన్ను దిగమనలేదు. నేను గొడుగు కింద నిలబడి ఫోన్లో ఫోటోలు తీశాను.

ఆ ఫోటోలు అధికారులకు పంపాను. తెలిసిన విలేకరి ఒకాయనకూ పంపాను. ఆయన ఫోన్ చేసి, "మీరూ ఉన్నారా అక్కడ?" అని అడిగాడు. "ఉన్నాను," అన్నాను. ఉన్న మాట నిజమే. మిగతాది ఆయన రాసుకున్నాడు. పొద్దున పేపరు చూసి సరిచేసి ఉండొచ్చు, ఒక ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యలేదు.

వార్త పడిన రోజే పొక్లెయిన్ వచ్చింది. తూము ముందు ఒండ్రు తోడి, సగం వరకు తెరిచి పోయింది. సాయంత్రానికి పల్లం నీరు లాగింది. కానీ అక్క నారు అప్పటికే కుళ్ళిపోయింది. మళ్ళీ విత్తనం పోసి నారు పెంచేంత వ్యవధి లేదు. నాటు తప్పితే కౌలు చేను ఆ ఏడుకు బీడే. నా నారుమడిలో నాటగా మిగిలేది ఎలాగూ దున్నేసేదే. అది తీసుకోమన్నాను. ఆమె రెండు చేతులతో నా చేయి పట్టుకుంది. ఏడుగురు ఆడామగా నారు కట్టలు మోసి రెండు రోజుల్లో నాటేశారు. తర్వాత బడిలో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

కోతలయ్యాక వాళ్ళ చర్చి సంఘంలో కోత పండుగ జరిగింది. తొలి పంటలోంచి వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. ఆ ఏడు దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి చెబుతారు, దాన్ని సాక్ష్యం అంటారు. అక్క నన్నూ రమ్మని పిలిచింది. వెనక వరుసలో కుర్చీ వేశారు. ఆమె వంతు వచ్చినప్పుడు కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"నారు పోయినప్పుడు ఈ ఏడు నా చేలో గడ్డే మొలుస్తాదనుకున్నా. దేవుడు ఒక తమ్ముణ్ణి నిలబెట్టినాడు. అర్జీ పెట్టి మిషను తెప్పించినాడు. తన నారు నాకిచ్చినాడు. అదుగో, ఆ వెనక కూర్చోనుండాడు. ఆ బిడ్డ కోసరం ప్రార్థన చెయ్యండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. నేను కుర్చీలో ఇరుక్కుపోయాను. అప్పటిదాకా నా మనసులో ఉన్న లెక్క వేరు. ప్రభుత్వం ఆలస్యం చేసింది, వాన తొందరపడింది, నేను నా వంతు చేశాను అనుకునేవాణ్ణి. ఆమె నాకు కృతజ్ఞతలు చెబుతుంటే ఆ లెక్క నిలబడలేదు. నారు పోయింది వానవల్ల కాదు. కత్తి పట్టుకుని వచ్చిన మనిషిని నేను వెనక్కి పంపడంవల్ల.

భోజనాల దగ్గర ఆమె నా ఆకులో కూర వడ్డిస్తుంటే చెప్పాను. "అక్కా, ఆ రోజు నేను నిన్ను ఆపకుండా ఉంటే నీ నారు పొయ్యేది కాదు. పేపర్లో రాసింది కూడా అబద్ధం."

గరిటె ఆగలేదు. "తెలుసులే అబ్బయా. పేపరు మా ఆయన చదివినాడు. ఈయనెప్పుడు దిగినాడే, నువ్వు చెప్పలా అన్నాడు."

"మరి అట్టా సాక్ష్యం చెప్పినావే?"

"నారిచ్చింది నువ్వు కాదా? మిషను వచ్చింది నీ కాగితాలకి కాదా? జరిగిన మేలు చెప్పేదానికి నాకేం సిగ్గు. ఆపమన్నావు, ఆపినా. నా నారుమడి నాకు తెలవకపోతే నాదీ తప్పే." ఇంకో గరిటె వేసింది. "తిను. నాకు చెప్పి ఏం లాభం? ఆ పొద్దు నీళ్ళల్లో దిగినోళ్ళకి చెప్పు. వాళ్ళ పేరు రాయలేదని వాళ్ళకుండాది బాధ."

ఆ మాట పట్టుకుని బతికాను కొన్ని నెలలు. చెప్పడానికి ధైర్యం రాలేదు. మళ్ళీ కార్తీకం దగ్గరపడింది. టీ అంగడి దగ్గర కాలవ పని మళ్ళీ పెట్టుకుందామన్నాను. ఎందుకని అడిగారు. అప్పుడు చెప్పాను, అందరి ముందూ, గొడుగు సంగతితో సహా.

పల్లపు రైతుల్లో పెద్దాయన బీడీ ఆర్పి, "అయితే మజ్జిగ పంపుతా అంటే కుదరదు. ఈ ఏడు నీకు రెండు వంతులు," అన్నాడు. టీ కాచే ఆయన జలగల సంగతి మళ్ళీ ఎత్తాడు. శిక్ష అంతే. అంత తేలిగ్గా వదిలేస్తారని నేను అనుకోలేదు.

యాభై రెండేళ్ళ వయసులో మొదటిసారి ఆ కాలువలో దిగాను. అడుగు పెట్టగానే కాలు మోకాలిదాకా బురదలోకి పోయింది. డెక్క వేర్లు పైకి కనిపించే ఆకుకు రెండింతలు ఉంటాయని ఇన్ని అర్జీలు రాసినవాణ్ణి నాకు తెలియదు. అక్క పక్కనే కోస్తూ, తాడు ఎలా చుట్టాలో రెండుసార్లు చూపించింది. మూడోసారి కూడా జారిపోతే, "అర్జీ రాసినంత సుళువు కాదులే," అంది.

తూము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. లోపల సగం ఇంకా ఒండ్రే. అక్కడినుంచి కత్తులు పనికిరావు. నేను ఒడ్డెక్కి కాళ్ళకు పట్టిన జలగల్ని ఉప్పుతో రాల్చుకుంటుంటే ఆమె నా పక్కన కూర్చుంది.

"ఈడిదాకా మన పని అయింది. ఇక్కడనించి వాళ్ళది. రాయి మళ్ళా."

"కాలవ బాగుందిగదా, ఇంకేం కావాలి అంటారక్కా."

"అంటే నేనొచ్చి చూపిస్తా. చెయ్యి పట్టుకుని తూము కాడికి తీసకపోతా."

మళ్ళీ అర్జీ పెడితే ఆఫీసులో నేను అన్నట్టే అన్నారు. ఆమె కూడా అన్నట్టే వచ్చింది. ఇంజనీరు గారిని తూము మొదట్లో వంగోబెట్టి లోపలికి టార్చి వేసి చూపించింది. ఎస్టిమేట్ వేసుకుని వెళ్ళారు. మిగతా సగం ఇంకా తియ్యలేదు. అడుగుతూనే ఉన్నాం.

ఆ అర్జీ కింద మొదట ఆ వానలో నీళ్ళల్లో దిగిన ఏడుగురి సంతకాలు ఉన్నాయి. వాటిలో రెండు వేలిముద్రలు. నాది ఎనిమిదోది.