అత్తయ్య ఆపిన ఫ్యాన్

చిలకలపూడిలో మా అత్తగారింట్లో రోల్డ్‌గోల్డ్ నగలకు టంకం పెట్టేటప్పుడు ఫ్యాన్ ఆపేస్తారు. గాలికి మంట చెదిరితే అతుకు నిలవదు.

ఆరోజు ఒకటే ఉక్కపోత. ఆఫీసు క్లౌడ్ పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీని ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తుంటే మాటిమాటికీ సగంలో ఆగిపోతోంది. “ఈసారైనా పూర్తవుతుందో లేదో అత్తయ్యా,” అన్నాను. ఆవిడ గబగబా వెళ్లి ఫ్యాన్ ఆపేశారు.

నాకు ఒళ్లు మండింది. దీనికీ గాలికీ ఏం సంబంధమని అడగబోతూ వెనక్కి తిరిగాను. అత్తయ్య ల్యాప్‌టాప్‌కు గాలి తగలకుండా ఒక చేత్తో నా భుజం పక్కన కొంగు అడ్డం పట్టి, రెండో చేత్తో నా వీపుకు విసనకర్రతో విసురుతున్నారు.

“ఎంతవరకు వచ్చిందమ్మా?” అన్నారు గుసగుసగా.

“సగం దాటింది అత్తయ్యా,” అన్నాను, నేనూ గుసగుసగానే.