నాలుగో నిమిషంలో లేచిపోయినవాళ్ళు

మా పక్కింటి పిల్ల బహీగా తన నిశ్చితార్థం రోజున పెళ్ళికొడుకు చూపు తన ముఖం మీద పదకొండు సెకన్లే నిలిచి, ఆపైన కూరిన వంకాయల పళ్ళెం మీదికి మళ్ళిందని లెక్కగట్టి, ఉంగరం తీసి ఆ పళ్ళెంలోనే పడేసింది.

సరే, పళ్ళెంలో పడేయలేదు. పదకొండో పన్నెండో నేనేమీ కొలవలేదు. సంబంధం చెడింది కాబోయే అత్తగారి నోటివల్లనని మా కాంప్ సీజార్ పేట అంతా అంటుంది. కాని ఉంగరం తిరిగి ఇచ్చిన మాట నిజం. లెక్కగట్టే జబ్బు అంతకన్నా నిజం.

ఉద్యోగం కూడా జబ్బుకు తగినదే దొరికింది. మా ఊళ్ళోనే స్మూహా పేటలో చేతిపనులు నేర్పే వెబ్‌సైట్ ఒకటుంది. తోలుపని, వడ్రంగం, పొయ్యిల రిపేరు, అన్నీ వీడియో పాఠాలే. ఒక్కో వీడియోకీ బహీగా ఒక కోడ్ బిగిస్తుంది. ఎవరు తెరిచారు, ఎక్కడ ఆపారు, ఎక్కడ వెనక్కి తిప్పి చూశారు, ఏ సెకనులో వదిలేసి పోయారు, అన్నీ ఆ కోడ్ ఆమె చెవిన వేస్తుంది. మా కాలంలో ఇదే పని కిటికీల వెనక కూర్చున్న ముసలమ్మలు జీతం లేకుండా చేసేవారు.

మా అన్న పోయినప్పుడు పరామర్శకు వచ్చి, చక్కెర లేని కాఫీ చప్పరిస్తూ నా చెవిలో అంది:

“బాబాయ్, పాదరీగారు రెండో నిమిషంలోనే జనాన్ని పోగొట్టుకున్నారు.”

“ఏడుస్తున్నారు కదే!”

“ఏడుస్తున్నది ఆడవాళ్ళ వరస. మగవాళ్ళ వరస ఫుట్‌బాల్ స్కోరు చూస్తోంది. నాలుగో కుర్చీ మీ అల్లుడే.”

చూశాను. అల్లుడే. అన్న పోయిన దుఃఖాన్ని కూడా ఆ రోజు నన్ను నిండుగా అనుభవించనివ్వలేదు.

అయినా ఊరివాళ్ళ లెక్క ఊరివాళ్ళది, వింటూ నవ్వుకోవచ్చు. నా లెక్క వచ్చేసరికి నవ్వు రాలేదు.

అత్తారీన్ బజారులో నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేశాను. చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం మూసేశాను. కొడుకులెవరూ పని నేర్చుకోలేదు. నా పనితనమంటూ ఈ లోకంలో మిగిలింది ఆ వెబ్‌సైట్‌లో ఉన్న ఇరవై రెండు నిమిషాల వీడియో ఒక్కటే: ‘కుట్టు తప్పే మిషన్‌ని సరిచేయడం’. సూది కడ్డీ స్క్రూ వదులు చేసి, బియ్యపుగింజ మందం కిందికి దించి, మళ్ళీ బిగించే కిటుకు. ఆ తర్వాత, మనిషన్నాక నాలుగు మాటలు చెప్పాలి కదా, నేను చదివిన కాన్వెంటులో సిస్టర్ యూజెనీ ఒక్క చూపుతో రేవులో ఓడను నిలబెట్టేసిన ముచ్చట.

గురువారం నన్ను మీటింగుకు పిలిచారు. యజమాని హిల్మీగారు, బాష్‌ముహందిస్, అంటే పెద్ద ఇంజినీరుగారు, అనాలి, కంప్యూటర్ తాకిన ప్రతివాడికీ మా ఊళ్ళో అదే బిరుదు. ఆయన బల్ల గుద్ది చెప్పాడు: “నూటికి ముప్పై మందైనా చివరిదాకా చూడని పాఠం వచ్చేనెల నుంచి ఉండదు. చదువమ్మా, బహీగా.”

బహీగా చదివింది. గొంతు కూడా తగ్గించలేదు. “నఖ్లా బాబాయ్ పాఠం. నూటికి ఎనభై నాలుగు మంది నాలుగో నిమిషం పదో సెకనులో లేచిపోతున్నారు.”

“ఎవరితో?” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

“చివరిదాకా ఉన్నది నలుగురు. అందులో ముగ్గురు మీ ఫోనే బాబాయ్. నాలుగోవాళ్ళు నిద్రపోయి ఉంటారు.”

“మిగతా పన్నెండు మంది?”

“మీరు గొంతు సవరించుకున్నప్పుడే పోయారు.”

మా గుమ్మంలో ఆడుకుని పెరిగిన పిల్ల. వాళ్ళమ్మ మిషన్‌ని ఎన్నిసార్లు ఊరికే బాగుచేశానో! ఆరోజు ఆమెతో ట్రాము కూడా ఎక్కలేదు. నడిచే వెళ్ళాను. డెబ్బై ఆరేళ్ళు నోటిని నమ్ముకుని బతికినవాణ్ణి, నా ఎదురుగా ఉన్నవాళ్ళు వింటున్నారనే అనుకుంటూ వచ్చాను. లేచే దారి దొరక్క కూర్చున్నారన్నమాట. అన్నాళ్ళూ ఎవరూ కొలవకపోవడమే నా అదృష్టం.

రెండు వారాలు బహీగా ఆఫీసుకు రాలేదు. జ్వరమన్నారు. చూడటానికి నేను వెళ్ళలేదు. నా మనసు అంత పెద్దదేమీ కాదు.

నెలాఖరు మీటింగులో మళ్ళీ చదివింది. “నఖ్లా బాబాయ్ పాఠం. పూర్తిగా చూసినవాళ్ళు నూటికి ఎనభై ఎనిమిది.”

హిల్మీ కుర్చీలోంచి లేచాడు. “నాలుగు ఎనభై ఎనిమిదెలా అయింది? కోడ్‌లో ఏం కెలికావ్?”

“‘అయిపోయింది’ అన్న గుర్తు తప్పుచోట పెట్టాను. సరిదిద్దాను. పాఠం పేరేమిటండీ? మిషన్‌ని సరిచేయడం. మిషన్ ఎప్పుడు సరైంది? నాలుగు నిమిషాల పది సెకన్లకు. గుర్తు అక్కడ పెట్టాను.”

“తర్వాత పద్దెనిమిది నిమిషాలుంది కదా?”

“అది పాఠం కాదండీ, అది బాబాయ్.”

అలా నా పాఠం బతికింది. నా సిస్టర్ యూజెనీ సముద్రంలో కలిసింది. సంతోషించాలో, కుర్చీ ఎత్తి విసరాలో తేల్చుకోలేక ఇంటికొచ్చి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. కఫ్ర్ అద్దవ్వార్ అనే పక్క ఊరి నుంచి ఉమ్ హాషిమ్ అనే దర్జీ ఆవిడ. వీడియోలో ఉన్న నా నంబరు చూసి చేసింది.

“అయ్యా, ఆ మధ్య మీ ఆఫీసు అమ్మాయి మా ఇంటికొచ్చి నన్ను పట్టుకుని ‘నాలుగో నిమిషంలో ఎందుకు లేచావు’ అని నిలదీసింది. పోలీసేమో అనుకుని హడలిపోయాను. ‘మిషన్ బాగైపోయిందమ్మా, ఇంకెందుకు కూర్చుంటాను? బడులు తెరిచేలోగా ముప్పై యూనిఫాంలు కుట్టొద్దా?’ అన్నాను. ఆ పిల్ల అక్కడే కూలబడి నవ్వింది. పక్కింటావిణ్ణి అడిగింది, ఎదురింటావిణ్ణి అడిగింది, అందరిదీ అదే మాట. మా వెనక వీధిలో ఇంకా పదిహేను మంది ఉన్నారు, వాళ్ళనీ అడగమనండి. మీ చేతికి దేవుడు ఆయుష్షునివ్వాలి! అవునూ, మేం లేచాక మీరేం చెప్పారు?”

“ఏం లేదమ్మా,” అన్నాను. “కుట్టుకో.”

ఈ కాగితాలు రాసి బహీగాకు చదివి వినిపించాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, ముఖం గంటు పెట్టుకుంది.

“అంతా అబద్ధం. ఒక్క ముక్క నిజం లేదు. నాకు జ్వరమొచ్చింది, మంచం దిగలేదు. ఉమ్ హాషిమ్ ఎవరో నాకు తెలీదు. కఫ్ర్ అద్దవ్వార్ నేను జన్మలో వెళ్ళలేదు. ఆ మైక్రోబస్సులో వెనక సీటు స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, బుద్ధున్నవాళ్ళెవరైనా ఆరుసార్లు ఎక్కుతారా?”