పడవ లేచిన రోజు

నాన్న చేసిన ఆఖరి మామూలు పని, ఆస్పత్రి పడవ వెనక నీళ్ళు వదిలే బిరడా బిగించి, చేతులు చొక్కాకే తుడుచుకోవడం. చొక్కాకి తుడవొద్దని అమ్మ పెళ్ళయిన నాటినుంచీ చెబుతూనే ఉంది. ఆ సాయంత్రమే, ఇంట్లో కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంటూ పోయాడు.

నాన్న పడవ ఇంజన్ల మెకానిక్కు. ఆస్పత్రి పడవ నడిపేది మామయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఆస్పత్రి అవతలి ఒడ్డున, మేము ఇవతలి ఒడ్డున. రోగుల్ని దాటించేది ఆ పడవే. వేగం అందుకున్నాక అలాంటి పడవ ముక్కు దించి, నీళ్ళ మీదికి లేచి జారుతూ పోవాలి. లేవకపోతే నీటిని దున్నుకుంటూ పోవడమే. ఆ ఏడాది అది లేవడం మానేసింది. మామయ్య వేగం పెంచే పిడి ఎంత ముందుకు తోసినా ముక్కు ఆకాశానికి, తోక నీళ్ళలోకి. ఇంజన్ గగ్గోలు పెట్టేది గానీ పడవ లేస్తే ఒట్టు. ఆస్పత్రి మేనేజరు తేల్చి చెప్పేశాడు: పరీక్ష రోజుకి లేవకపోతే పడవ తుక్కుకి, మామయ్య ఇంటికి.

నాన్న ఫిల్టరు మార్చాడు. ప్లగ్గులు పీకి చూశాడు, బాగానే ఉన్నాయి. నీళ్ళలో తిరిగే పంకాకి బదులు వేరే పడవది తెచ్చి బిగించాడు. లాభం లేకపోయింది.

"ఏం బావా, ఇంజన్ని రిపేరు చేస్తున్నావా, ముద్దు చేస్తున్నావా?" అన్నాడు మామయ్య, ఒడ్డున గొంతుక్కూర్చుని. ఉద్యోగం ఊగుతున్నా నోరు మాత్రం నిలకడగానే ఉంది.

"మీ అక్కతో కాపురం చేస్తున్నవాణ్ణిరా. నాకు ఓపిక నేర్పకు."

పడవని చక్రాల బండి మీదికెక్కించి ఒడ్డుకి లాగుతున్నప్పుడు, నాన్న ఇంజన్ని వదిలేసి టైర్ల వైపు చూశాడు. గాలి నిండుగా ఉన్నా అణిగిపోయి ఉన్నాయి.

"ఖాళీ పడవేనా ఇది?"

"మనిషి లేడు, మందు సీసా లేదు. ఖాళీయే."

"మరి టైర్లెందుకు మూలుగుతున్నాయ్? ఇంజన్‌కి రోగం లేదురా. పడవకి జలోదరం."

నేల చెక్క ఒక మూల కోసి చూశారు. పడవ తేలడానికని కింద పెట్టిన నురుగు దిమ్మలు నీళ్ళు తాగి బండరాళ్ళయ్యాయి. నీళ్ళు ఎక్కణ్ణుంచి దిగాయో నాన్న వేలితో చూపించాడు. కొత్త బల్ల కాళ్ళ దగ్గరి స్క్రూ రంధ్రాలు. రోగుల వెంట వచ్చే ముసలివాళ్ళు నించోలేకపోతున్నారని మామయ్య తన చేత్తో బిగించిన బల్ల అది.

మామయ్య ఆ రంధ్రాల మీద అరచెయ్యి పెట్టాడు. "బావా, మేనేజరుకి..."

"పుణ్యానికి పోతే పాపం ఎదురైందని చెబుతాలే. ముందు దిమ్మలు పీకు."

మేనేజరుతో మాత్రం అడుగున నీళ్ళు చేరాయని చెప్పి ఊరుకున్నాడు.

రంధ్రాలు పూడ్చి, కొత్త దిమ్మలు పెట్టి, పరీక్ష రోజు మధ్యాహ్నం నాన్న వెనక బిరడా బిగించాక పడవని నీళ్ళలోకి దించారు. మేనేజరు ఎక్కాడు. ఆస్పత్రి నర్సు ఎక్కింది. దాటాల్సిన రోగులు ఎక్కారు. నాన్న ఎక్కలేదు, ఒడ్డునే నించున్నాడు. కాస్త దూరం పోయాక పడవ ముక్కు దించి, తేలిగ్గా లేచింది. మామయ్య వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"మీ తమ్ముడి ఉద్యోగం నిలబడింది. ఇక ఆ నోటికి పట్టపగ్గాలుండవు," అన్నాడు నాన్న ఇంటికొచ్చి, అమ్మతో.

కొన్నాళ్ళకి ఆ నర్సు మమ్మల్ని చూడ్డానికొచ్చింది. ఆవేళ పడవ బయల్దేరే ముందు నాన్న ఆయాసపడుతూ, ఎడమ భుజం నొక్కుకుంటున్నాడట. "ఆస్పత్రిలో డాక్టరుగారు ఉన్నారు, ఈ పడవలోనే రండి, చూపిద్దాం" అని జరిగి తన పక్కన చోటిచ్చిందట.

"ఇవాళ ఒక మనిషి బరువు తగ్గితేనే మంచిదమ్మా, రేపొస్తా" అన్నాడట నాన్న.