అన్న ఒప్పుకున్న మధ్యాహ్నం

కరోనా రెండో ఏడు. బట్టల మార్కెట్‌లో లెక్కలు రాసే మా అన్నకు జ్వరమొచ్చి, పరీక్షలో పాజిటివ్ అని తేలింది. పని కోసం వలసొచ్చిన ఊళ్లో, పర్వత్ పాటియా అనే పేటలో మాది రెండు గదుల ఇల్లు. లోపలి గది అతనికి వదిలేసి అమ్మా నేనూ ముందు గదిలో సర్దుకున్నాం. మధ్యలో మూసిన తలుపు.

నేను కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తాను. మార్కెట్ మూతపడి పని లేక, ఫోన్‌లో ఒక ఆట మొదలుపెట్టాను. వరదలో మునిగిన ఊళ్లో ఒక ఆడమనిషి పడవ నడుపుతూ, దీపం కనిపించిన ఇంటికల్లా వెళ్తుంది. అంతే. ఊరికే పడుకోలేక అన్న కూడా తన ఫోన్‌లో అదే ఆడాడు. ఇక తలుపుకు అటూ ఇటూ కూర్చుని కొట్లాట.

"పడవ తిప్పితే తిరుగుతలేదు. గిదేం ఆట?"

"నీళ్లల్ల పడవ గట్లనే బరువుగ తిరుగుతది. ఆ బరువే అందం అన్నా."

"నీకు అందం, నాకు తప్పు. ఎవలది నిజం? చీర రంగు పోతదా లేదా అని నీళ్లల్ల ముంచి చూస్తం. ఆటకు గూడ గసొంటి తరీఖా ఉండాలె గద?"

"రంగు పోని చీరలన్ని అందంగుంటయా?"

దగ్గేవాడు, మళ్లీ అందుకునేవాడు. "కొట్లాడుతుండంటే మంచిగనే ఉన్నడు" అని అమ్మ పొయ్యి దగ్గర్నుంచి అనేది.

ఒక మధ్యాహ్నం నేను ఆటలో చివరి ఇల్లు చేరాను. పడవ అంత బరువుగా లేకపోతే ఆ గుమ్మం ముందు నాకు ఏడుపొచ్చేది కాదని తలుపులోంచి చెప్పి, జవాబు కోసం ఆగాను.

"నువ్వన్నదే నిజం" అన్నాడు.

గెలిచానని ఒక్క క్షణం సంబరపడ్డాను. కానీ మా అన్న ఏ వాదనా అలా వదిలేసే మనిషి కాదు.

"అన్నా, కొట్లాడవా?"



మాస్కు పైకి లాక్కుని తలుపు తోశాను. పెదవులు నల్లబడి ఉన్నాయి. వేలికి మీటర్ పెడితే ఆక్సిజన్ తొంభైకి బాగా కింద చూపించింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పక్కింటాయన చీరల మూటలు తోలే టెంపోలో పరుపు వేసి పడుకోబెట్టాం. మొదటి ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి మా వైపు చూడకుండానే "ఖాట్లో ఖాలీ నథీ" అన్నాడు. మంచం లేదట. "బిడ్డా, కండ్లు తెరువు" అంటూ అమ్మ దారంతా అతని చెంపలు తడుతూనే ఉంది. రెండో చోట వరండాలోనే సిలిండర్ పెట్టారు, మంచం దొరికాక వార్డులోకి తీసుకెళ్లారు. గేటు బయట గోడకానుకుని, లోపల్నుంచి ఎవరు వచ్చినా లేచి నిలబడుతూ రోజులు గడిపాం.

అన్న బతికొచ్చాడు. నాలుగు మెట్లెక్కినా ఆయాసపడేవాడు. ఒక సాయంత్రం తనే మాట ఎత్తాడు.

"వార్డుల నా పక్క మంచం మీద ఒక పెద్దమనిషి ఉండె. దినమంత ఫోన్ల రంగు గోలీలు పేల్చే ఆట ఆడెటోడు. టప్ టప్ మని. ఆ సప్పుడు ఇనవడితె, ఆయన ఉన్నడు, నేను గూడ ఉన్ననని తెలిసేది. గది మంచి ఆటనా, చెత్త ఆటనా?"

అలాంటి ఆటలంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపు. "నువ్వే చెప్పు" అన్నాను.

"నాకు తెల్వకనే అడుగుతున్న."

"ఆయన ఇంటికి పోయిండా?"

"నన్ను వేరే వార్డుకు మార్చిన్రు. తెల్వది."

అతని పక్కనే కూర్చుని ఆ ఆట నా ఫోన్‌లోకి దించుకున్నాను. రంగులు కళ్లలో పొడిచాయి. సంగీతం ఒకటే ముక్క, మళ్లీ మళ్లీ. అది చెత్త ఆటే, ఇప్పుడడిగినా అదే అంటాను. చప్పుడు తగ్గించబోయాను. కళ్లు మూసుకుని వింటున్న అన్న వద్దని చెయ్యి ఊపాడు.