కాంతమణి టీచరు చెప్పిన బందరు

కాంతమణి టీచరు సికింద్రాబాదు మిషను బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. చేతిలో సూది ఆడుతున్నంతసేపూ నోట్లో బందరు ఆడేది. ఇంగ్లీషువాళ్లు ఓడ దిగి ఇంగ్లీషుపాలెం కట్టుకున్నారనీ, వలందావాళ్లు, అంటే డచ్చివాళ్లు, వలందపాలెం, ఫ్రెంచివాళ్లు పరాసుపేట కట్టుకున్నారనీ చెప్పేది. చిలకలపూడి గిల్టు నగలు పెట్టుకుని పెళ్లికి వెళితే కంసాలికి తప్ప ఎవరికీ తేడా తెలియదట. పిల్లలు కుట్టు వంకర పోతున్నా చూసుకోకుండా వినేవారు.

నిజానికి ఆమె బందరు వదిలింది ఐదేళ్ల వయసులో. తండ్రికి లాలాగూడ రైలు కార్ఖానాలో పని దొరికితే అందరూ ఇక్కడికి వచ్చేశారు. ఆమెకు తెలిసిన బందరంతా తల్లి రోసమ్మ చెప్పగా విన్నదే. ఆ సంగతి టీచరు దాచనూ లేదు, ఎవరూ అడగనూ లేదు. తల్లీ తండ్రీ పోయాక ఇప్పటి పద్మారావు నగర్ దగ్గర రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది.

పక్కిల్లు విమలమ్మది. టీచరు కంటే నాలుగైదేళ్లు పెద్ద. మొగుడు సోమయ్య పట్టాలు బాగుచేసే గ్యాంగులో మేస్త్రీ. విమలమ్మకు బందరు కబుర్లంటే చెవికి ఎక్కేవి కావు. "నీ బందరు ఎటు పోదు గాని, జెర పొయ్యి మీద పప్పు జూడు టీచరమ్మా" అనేది.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం నాటికి నిజాం రాజ్యానికీ ఇండియన్ యూనియన్‌కూ మధ్య సరిహద్దు బిగుసుకుంది. ఉప్పు దొరకడం కష్టమైంది. బెజవాడ నుంచి ఉత్తరం వస్తే అది ఏ నెలదో చూసుకోవలసి వచ్చేది. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు చాలావరకు సామాను సర్దుకుని వెళ్లిపోయాయి. గుడివాడలోని పినతండ్రి టీచరును కూడా వచ్చేయమని రాశాడు. పిల్లల జాకెట్లు సగంలో ఉన్నాయి, అవి పూర్తి కాకుండా రాలేనని ఆమె జవాబు రాసింది.

సెప్టెంబరు పదమూడు, సోమవారం. యూనియన్ సైన్యం బయలుదేరిందని పొద్దున్నే బజారంతా పాకింది. బడి మూసేశారు. ముందురోజే సోమయ్య గ్యాంగుతో కాజీపేట వైపు వెళ్లాడు. ఆ వైపు నుంచి బండీ లేదు, కబురూ లేదు. మధ్యాహ్నం విమానం చప్పుడు వినపడేసరికి విమలమ్మ టీచరింటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం పెడితే ముట్టలేదు.

టీచరు ప్రార్థన చేసింది. తర్వాత తనకు చేతనైన పనే మొదలుపెట్టింది. బందరు స్టేషనులో రైలు దిగామనుకో అక్కా అంటూ, ఏ వీధి ఎటు తిరుగుతుందో, కోనేరు దాటాక ఏ దుకాణాలొస్తాయో, ఏ మలుపు దగ్గర లడ్డూల నేతి వాసన తగులుతుందో చెప్పుకుంటూ పోయింది. సాయంత్రానికి విమలమ్మ మొదటి ప్రశ్న వేసింది. వలందపాలెం నుంచి ఇంగ్లీషుపాలేనికి ఎంత దూరమని. రెండోరోజు నాలుగు ముద్దలు తిన్నది. గురువారానికల్లా టీచరు ఎక్కడైనా సందు తప్పితే తానే సరిదిద్దుతోంది.

శుక్రవారం నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. వీధిలో కొందరు సంతోషపడ్డారు, కొందరు తలుపులు తీయలేదు. ఎదురింటి ముస్లిం దర్జీ కుటుంబం భయంతో అప్పటికి రెండు రోజులుగా గడప దాటకపోతే, టీచరూ విమలమ్మా వెళ్లి బిందెలతో నీళ్లిచ్చి వచ్చారు. శనివారం మధ్యాహ్నం సోమయ్య పట్టాల వెంట నడుచుకుంటూ, కాళ్లు బొబ్బలెక్కి ఇల్లు చేరాడు. విమలమ్మ ఏడ్చింది, తిట్టింది, వేడినీళ్లు పెట్టింది. అప్పుడు టీచరు వైపు తిరిగి అన్నది.

"ఐదు దినాలు నన్ను బందర్ల తిప్పినవు. ఇగ నిజంగ తీస్కపో."

క్రిస్మస్ సెలవుల నాటికి రైళ్లు మామూలుగా నడుస్తున్నాయి. ఇద్దరూ బెజవాడలో బండి మారి, పొద్దున్నే బందరులో దిగారు. స్టేషను బయటకు రాగానే టీచరు ఆగిపోయింది. రోడ్డు, మనుషులు, దుకాణాలు, ఏదీ ఆనవాలు పట్టలేకపోయింది. ముప్పై మూడేళ్లుగా నోటికొచ్చిన ఊరు కళ్లకు కొత్తదైపోయింది.

"ఏందీ, నిలవడ్డవు?" అంది విమలమ్మ.

"దారి తెలియడం లేదక్కా."

"నాకెర్కే. నడువు."

విమలమ్మ ముందు నడిచింది. కోనేరు దాటింది, లడ్డూల దుకాణం దగ్గర ఒక్క క్షణం ఆగి వాసన సరిచూసుకుంది, రెండు చోట్ల తప్పి వెనక్కి వచ్చింది. చివరికి ఇంగ్లీషుపాలెంలో వేపచెట్టున్న పెంకుటిల్లు చూపించి టీచరువాళ్ల పాత ఇల్లు ఇదేనంది. అదే. ఇప్పుడందులో వేరెవరో ఉన్నారు. పక్కింటి అరుగు మీద ధనియాలు ఎండబెడుతున్న ముసలామె పేరు సువార్త. రోసమ్మ కూతురినని చెప్పగానే టీచరు గడ్డం పట్టుకుని, అచ్చం అమ్మ ముక్కే అని లోపలికి తీసుకెళ్లింది.

భోజనాలయ్యాక టీచరు, అమ్మకు బందరంటే ఎంత ఇష్టమో, చనిపోయేదాకా ఎలా తలుచుకున్నదో చెప్పింది. సువార్తమ్మ ఆశ్చర్యపోయింది.

"బందరా? ఇక్కడున్నన్నాళ్లూ ఆవిడకి పుట్టిల్లు గుడివాడ తప్ప మరో ఊసుండేది కాదమ్మా. బందరు నీళ్లు ఉప్పన, దోమలు జాస్తి అని రోజూ సణిగేది."

టీచరు నవ్వింది. ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మ మీద కోపం రాలేదు. ఇన్నేళ్ల తర్వాత అమ్మ గురించి కొత్త సంగతొకటి తెలిసిందని సంతోషమే కలిగింది.

మర్నాడు జట్కాలో మంగినపూడి వెళ్లారు. సముద్రం పెరట్లో ఉన్నట్టు చెప్పేది రోసమ్మ. గుర్రం రొప్పుతూ పోతే గాని రాలేదు. విమలమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, నల్లని తడి ఇసుక దాటి మోకాళ్లదాకా నీళ్లలో దిగింది. చాలాసేపు చూసింది.

"గిన్ని నీళ్లు ఎవల కోసం పెట్టిండో దేవుడు," అంది మెల్లగా.

ఉన్న నాలుగు రోజులూ సాయంత్రాలు సువార్తమ్మ అరుగు మీద టీచరు మాట్లాడింది. మౌలాలి గుట్ట మెట్లెక్కితే ఎంత దూరం కనిపిస్తుందో, గడియారస్తంభం దగ్గర ఇరానీ చాయ్ ఎంత చిక్కగా ఉంటుందో, నాలుగు భాషలు కలిసిన బజారు బేరాలు ఎలా సాగుతాయో చెబుతూనే ఉంది. విమలమ్మ పక్కనుండి అందించేది. ఎండాకాలం సికింద్రాబాదు వస్తానని సువార్తమ్మ చేత ఒట్టు వేయించుకుని గాని రైలెక్కలేదు.

ఆమె మాట తప్పలేదు. ఏప్రిల్లో ధనియాల మూటతో సికింద్రాబాదులో దిగింది. మౌలాలి గుట్ట మెట్లన్నీ ఎక్కలేనని మొరాయిస్తుంటే, ఒక చెయ్యి విమలమ్మ, ఒక చెయ్యి టీచరు పట్టుకుని, సగం గుట్ట దాకా తీసుకెళ్లి అక్కడ నీడలో కూర్చోబెట్టారు. సువార్తమ్మ ఊపిరి తీసుకుని, చుట్టూ చూసి, ఎండ మండిపోతోంది గాని గాలి మాత్రం బాగుందంది.