సర్కసులో గట్టిమేళం

ఆ రోజుల్లో మా మార్కాపురానికి సర్కసు వచ్చిందన్న సంగతి మొట్టమొదట చెవులకే తెలిసేది. గుడారం ఇంకా సగం కూడా లేవకముందే జోడెడ్ల బండి మీద బ్యాండువాళ్ళు బయలుదేరేవాళ్ళు. మైకులు లేని కాలం కదా, సర్కసు గొంతంతా ఆ బ్యాండే. ఎర్ర కోట్లు, ఇత్తడి గుండీలు, ఎండకు తళతళలాడే బాకాలు! పలకలకు చట్రాలు బిగించే పనివాళ్ళు సుత్తులు కింద పడేసి, జుట్టు నిండా పలకల దుమ్ముతోనే వీధిలోకి వచ్చి నిలబడేవాళ్ళు. ఇప్పుడు మా మనవలకు ఇదంతా చెబితే "సింహం ఎట్లుండేది తాతా?" అని అడుగుతారు. సింహం ఉండేది, పాపం ముసలిది, పడుకుని ఉండేది. నన్ను పట్టి ఆడించింది మాత్రం బండి మీద అందరికన్నా వెనక కూర్చున్న పెద్ద డ్రమ్ము.

మా ఇంట్లో తరాలుగా మేళమే బతుకుతెరువు. నాయన సన్నాయి, మేనమామ తాళం, నేను డోలు. కంభం నుంచి కనిగిరి దాకా ఎవరింట పెళ్ళి జరిగినా పందిట్లో ఒక మూల మేం ముగ్గురం ఉండేవాళ్ళం. నాకప్పుడు ఇరవై ఏళ్ళుంటాయి. నా దుర్గుణం ఏమిటంటే, తిండి పెట్టే ఆ డోలంటే నాకు నామోషీ. దాన్ని భుజాన వేసుకుని నడిచేటప్పుడు తెలిసినవాళ్ళు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ణి (సందులోనూ తెలిసినవాళ్ళే ఉండేవాళ్ళు, అది వేరే సంగతి). ఒకనాడు ఉండబట్టలేక, "ఈ డోలు కొట్టీ కొట్టీ నేనేం బాగుపడతా నాయనా?" అన్నాను. నాయన సన్నాయి పీక సరిచేసుకుంటూ, తలెత్తకుండానే, "బాగా కొడితే గదరా బాగుపడేది" అన్నాడు.

ఆ ఏడు సర్కసువాళ్ళు గిద్దలూరు మీదుగా వచ్చారు. దారిలో నల్లమల దోమలు సింహాన్నీ ఏనుగునూ ఏమీ అనలేదుగానీ పెద్ద డ్రమ్ము వాయించేవాణ్ణి చలిజ్వరంతో మంచానికి కట్టేశాయి. బ్యాండు మాస్టరు డ్రమ్ముకు మనిషి కావాలని ఊళ్ళో విచారిస్తున్నాడని తెలియగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. మాస్టరుది మలబారు. దేశమంతా తిరుగుతూ అన్ని భాషలూ తలాకాస్త ఏరుకున్న మనిషి. నా చేత నాలుగు దరువులు వేయించుకుని, "చెయ్యి గట్టిది తంబీ. బుర్ర సంగతి ఆటలో చూస్తాం. ఈ ఊళ్ళో ఉన్నన్ని ఆటలు సరిగా వాయిస్తే నాతో రైలెక్కు, లేదంటే ఇంటికి పో" అన్నాడు. ఇక నా బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

ఇంటికి వచ్చి చెబితే మేనమామ గోల పెట్టాడు. నాయన మాత్రం, "పెద్దారవీడు పెండ్లికి తాంబూలం పుచ్చుకున్నా. ఆ పొద్దుకు వచ్చి డోలు పట్టు. ఆనక నీ ఇష్టం" అన్నాడు. పెద్ద మనసుతో ఒప్పుకున్నాను. (ఎవరి మనసు పెద్దదో అప్పుడు తెలిస్తే ఈ కథే ఉండేది కాదు.)

నాకిచ్చిన ఎర్ర కోటు ఎప్పుడో ఏ తెల్ల సిపాయో తొడిగి విడిచింది. దాని చేతులు నా గోళ్ళను దాటి వేలాడేవి. ఆ కోట్లలాగే ఆ పాటలూ పటాలం బ్యాండ్ల నుంచి వచ్చినవేనట. మాస్టరుకు బాకా నేర్పిన గురువు ఒక పటాలంలో వాయించినవాడు. మాస్టరు కొన్నాళ్ళు మూగ సినిమాల ముందు కూర్చుని, తెర మీద ఏడిస్తే ఏడుపు రాగం, గుర్రాలు పరుగెత్తితే పరుగు దరువు వాయించాడట. "సినిమా మాట నేర్చింది, నాతో పని లేకపోయింది. గుర్రం ఇంకా మాట నేర్వలే గదా, ఇట్ల వచ్చినా" అనేవాడు. గుర్రం పాటకు తగ్గట్టు ఆడుతుందని నేను అంతవరకూ నమ్మేవాణ్ణి. ఆ మాటే అంటే మాస్టరు పడీపడీ నవ్వాడు. "గుర్రానికి పాటేం తెలుసు తంబీ! దాని కాళ్ళు చూసి మనం వాయిస్తాం. అది కుంటితే మన పాటా కుంటాల." ఒక పాట మాత్రం మామూలుగా ఎప్పుడూ వాయించకూడదు. అది వినపడిందంటే ఎక్కడో కొంప మునిగిందని గుర్తు. జోకర్లంతా ఉన్నపళంగా లోపలికి దూకి, జనం బెదిరిపోకుండా నవ్వించాలి. ఇన్ని చెప్పిన మాస్టరు చివర్లో, "నేను వేలెత్తితే ఏం చేయాల్నో తెలుసు గదా?" అన్నాడు. "పుట్టినకాడి నుంచి తెలుసు మాస్టరుగారూ" అన్నాను. ఆయన నిశ్చింతగా చుట్ట వెలిగించుకున్నాడు.

మొదటి ఆట నాటి సాయంత్రం గుడారం కిటకిటలాడిపోయింది. ముందు వరసలో కుర్చీల మీద తాసిల్దారుగారూ వారి పరివారం, వెనక బల్లల మీద ఊరంతా. ప్రతి ఒళ్ళోనూ బొరుగుల పొట్లం. గుర్రాల ఆట బాగా సాగింది, కోతి ఆట బాగా సాగింది, నా డ్రమ్మూ బాగా సాగింది. తరువాత తీగ మీద నడక. ఈ చివర నుంచి జలతారు బట్టల్లో ఒక యువకుడు, ఆ చివర నుంచి గులాబీరంగు బట్టల్లో గొడుగు పట్టుకుని ఒక యువతి, అడుగులో అడుగు వేసుకుంటూ బయలుదేరారు. నడిమధ్యన అతను కూర్చుంటే ఆమె అతని మీదుగా దాటి వెళ్ళాలి. క్లారినెట్టు సన్నగా పలుకుతోంది. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి నిలిచారు. అమ్మాయి తల వంచి తీగ వంక చూస్తోంది. గ్యాసు దీపాల వెలుగు, చుట్టూ ఊరి జనం, తల వంచుకున్న పిల్ల, ఎదురుగా పిల్లవాడు. అప్పుడు మాస్టరు చూపుడువేలు పైకెత్తాడు.

మా పెళ్ళిళ్ళలో తాళి కట్టే క్షణాన పంతులుగారు ఎత్తేది ఆ వేలే. అది లేచిందంటే మేళగాడు తన దగ్గరున్న చప్పుడంతా బయట పెట్టాలి. నేను ఆలోచించానని చెబితే అబద్ధం. నా చేతులకు ఆలోచన అవసరం లేదు. రెండు చేతులా కర్రలు పట్టి ఆ పెద్ద డ్రమ్ము మీద గట్టిమేళం అందుకున్నాను. ఇక జనం సంగతి చెప్పాలా? వాళ్ళూ మార్కాపురం వాళ్ళేనాయె. గట్టిమేళం చెవిన పడగానే చేతులు వాటంతట అవే లేచాయి. అక్షింతలు లేవు గనక బొరుగులు విసిరారు. అన్ని బల్లల మీద నుంచి తెల్లగా వాన కురిసినట్టు కురిశాయి. తాసిల్దారుగారి చేతిలో ఏమీ లేకపోయినా ఆయన కూడా పైకి లేచి ఊరికే విసిరారు.

తీగ ఊగింది. కింద వల ఉందన్న సంగతి నాకు గుర్తు రాలేదు. ఆ యువకుడు గబుక్కున వంగి తీగ పట్టుకున్నాడు, అమ్మాయి గొడుగు వదిలేసి అతని భుజం పట్టుకుంది. "చేయి పట్టింది! చేయి పట్టింది!" అని వెనక బల్లలు ఈలలు వేశాయి. మాస్టరు ఆ వాయించకూడని పాట అందుకున్నాడు. జోకర్లు దూకారు. వాళ్ళకన్నా ముందే ఏనుగు వచ్చి బొరుగులు ఏరుకు తినడం మొదలుపెట్టింది. ఒక జోకరు దాని పక్కనే గొంతుక్కూర్చుని పెళ్ళి విందులో కూర్చున్నట్టు తానూ తిన్నాడు. జనం ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు. ఒక ముసలమ్మ లేచి, "జంట సక్కంగుంది నాయనా! పిల్లాపాపల్తో సల్లంగుండండి!" అని దీవించింది. తీగ మీది పిల్ల నిచ్చెన దిగి తిన్నగా బ్యాండు దగ్గరికి వచ్చి, తన భాషలో నా మీద ఏదో అరిచింది. బొరుగులు నములుతూనే జోకరు అర్థం చెప్పాడు. "వాడు మా అన్న అంటాండాదిరా సచ్చినోడా!"

ఆట అయ్యాక, కోటు విప్పి మడత పెట్టుకుని మాస్టరు ముందు నిలబడ్డాను. "ఏంది తంబీ అది?" అన్నాడు. మా పెళ్ళిళ్ళ పద్ధతి చెప్పాను. "తాళి కట్టేటప్పుడు అంత చప్పుడెందుకు?" "ఆ గడియలో ఎవరన్నా తుమ్మితే అపశకునం గదా, వినపడగూడదని." మాస్టరు ఆరిన చుట్టను మళ్ళీ వెలిగించుకున్నాడు. తరువాత, "మా దగ్గర వేలెత్తితే ఆపాల. ఎందుకో తెలుసా? తీగ మీద వాళ్ళకు ఒకరి ఊపిరి ఒకరికి వినపడాలని" అన్నాడు. నన్ను తరిమేయలేదు. మర్నాటి నుంచి ఆయన ఎక్కడ కనపడినా వేలెత్తేవాడు. నేను అక్కడికక్కడ ఆగిపోవాలి. అన్నం తింటుంటే ముద్ద సగం దారిలో ఆగేది. నడుస్తుంటే ఒంటికాలి మీద నిలిచిపోయేవాణ్ణి. ఒకసారి బావిలో చేదతో నీళ్ళు తోడుతుంటే వేలెత్తాడు. చేద ఆగలేదు, తాడుతో సహా పోయింది.

ఈలోగా సర్కసులో గాలిలో పెళ్ళి చేస్తున్నారని కబురు పాకింది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు నిజం అక్షింతలే కొంగున కట్టుకుని వచ్చారు. ప్రతి ఆటకూ ముందు జోకరు వచ్చి, "అమ్మలారా, అయ్యలారా, వీళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు!" అని దండం పెట్టి చెప్పాల్సి వచ్చింది. నా చెయ్యి మాత్రం వేలు లేవగానే రాయిలా ఆగడం నేర్చుకుంది. ఆఖరి ఆట ముగిశాక మాస్టరు నా వీపు తట్టి, "రేపు సాయంత్రం స్టేషనుకు రా తంబీ" అన్నాడు. ఆ రేపు పొద్దున్నే పెద్దారవీడు పెళ్ళి.

ఇక మీకు అర్థమయ్యే ఉంటుంది. పందిట్లో పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు, తాళి చేతికి తీసుకున్నాడు, పంతులుగారు వేలెత్తారు. నేను ఆగిపోయాను. నా చెయ్యి చూసి తాళం వేసే మేనమామా ఆగిపోయాడు. నాయన ఊపిరి పీల్చుకునే ఆ రెప్పపాటు పందిరంతా నిశ్శబ్దం. సరిగ్గా ఆ సందులో పెళ్ళికొడుకు మేనమామ, నశ్యం అలవాటున్న పెద్దమనిషి, పందిరి గుంజలు అదిరేలా తుమ్మాడు.

తాళి గాలిలో ఆగింది. "ఎవురయ్యా తుమ్మింది?" అన్నాడు పిల్ల తండ్రి. "ఆగాగు, తాళి కట్టొద్దు!" అన్నారెవరో. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నాయన సన్నాయి కిందికి దించి నవ్వుతూ లేచాడు. "ఎవురూ తుమ్మలేదు సామీ! మావోడి డోలు తోలు. ఎండకు బిగుసుకోని అట్ల చీదింది. పాత డోలు, ఇట్లనే పరువు తీస్తది." నశ్యం పెద్దమనిషి ముక్కు తుడుచుకుంటూ, "ఔను, డోలే! నా పక్కనే గదా, నేను ఇన్నా!" అని అందరికన్నా గట్టిగా సాక్ష్యం పలికాడు. పంతులుగారు నా వంక చూసి మళ్ళీ వేలెత్తారు. నేను కొట్టిన ఆ గట్టిమేళానికి పెద్దారవీడు కాకులు మూడు రోజులు ఊళ్ళోకి రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దంపతులు నిండుగా బతికారు. కానీ తన మేళం మీద ఎవరి మాటా పడనివ్వని నాయన, ఎవరి పిల్ల పెళ్ళో చెడకుండా, పందిట్లో తన డోలును తానే తిట్టుకున్నాడు. ఆ డోలు అంతకుముందు మా తాతది.

అంత జరిగినా సాయంత్రం నేను స్టేషనుకు వెళ్ళాను. దాచి ప్రయోజనం లేదు, వెళ్ళాను. "పో, రైలు తప్పిపోతది" అని నాయనే పంపాడు. ప్లాట్‌ఫారం మీద, రగ్గు కప్పుకుని, పెద్ద డ్రమ్మును ఒళ్ళో పెట్టుకుని ఒక బక్కపలచటి మనిషి కూర్చుని ఉన్నాడు. చలిజ్వరం దిగింది. మాస్టరు నన్ను చూసి ఇబ్బందిపడి, "వాని చోటు వానిది గదా తంబీ" అన్నాడు. కాదని ఎట్లా అంటాను? పొద్దుటి పెళ్ళి సంగతి చెబితే, నవ్వీ నవ్వీ క్లారినెట్టు పెట్టె మీద కూలబడ్డాడు. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వేలెత్తాడు. కొట్టాలో ఆగాలో తెలియక రెండు చేతులూ గాలిలో పెట్టుకుని అట్లాగే నిలబడ్డాను. రైలు మలుపు తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని డోలు తోలుకు నూనె రాస్తున్నాడు.

"వచ్చినావా? కాళ్ళు కడుక్కో. కనిగిరిలో పెండ్లి ఒప్పుకున్నా. పంతులు వేలెత్తితే ఏం చేస్తావు?"

"కొడతా నాయనా."

"ఎందుకు?"

"తుమ్ము వినపడకుండా."

"మల్ల ఈ ముండది తుమ్మకుండా చూసుకో" అని డోలు నా ఒళ్ళో పెట్టాడు.

ఆ తరువాత ఎన్ని పెళ్ళిళ్ళకు కొట్టానో. సర్కసుల్లో బ్యాండ్లు పోయి గ్రామఫోను రికార్డులు వచ్చాయి. గుర్రం కుంటినా ఆ పాట కుంటదు. నేనూ డోలు దించేసి, పిలిచిన పెళ్ళికి ముందు వరసలో కూర్చునే వయసుకు వచ్చాను. ఇప్పటికీ పంతులుగారు వేలెత్తగానే పందిరంతా పెళ్ళికూతురి మెడ వంక చూస్తుంటే, నేను మాత్రం తలెత్తి పందిరి పైకి చూస్తాను. మొన్నటి పెళ్ళిలో మనవరాలు పట్టేసింది. "పైన ఏముంది తాతా?" అంది. "ఏం లేదులేమ్మా" అన్నాను. నా చేతిలో అక్షింతలు సగం వధూవరుల మీద వేశాను. తక్కిన సగం, ఎవరూ చూడకుండా, పైకి విసిరాను.